కర్మాగారం నుండి క్రీడారంగానికి

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడలలో స్త్రీల పురోగతికి ప్రతిభతో పాటు ఆడుకొనే స్థలం కూడా అవసరమనీ, ఆ స్థలంపై హక్కు కోసం స్త్రీలు దీర్ఘకాలం పోరాడవలసి వచ్చిందనీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నిజామాబాదు నుండి ఎడపల్లి మీదుగా బోధన్‌కు సాగే మార్గం చెరకు సాగుకు ప్రసిద్ధి పొందిన ప్రాంతం గుండా వెళుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాలు ఇక్కడి నేలను తడిపాయి. 1937లో బోధన్ సమీపాన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 2015లో అది మూతపడేవరకు ఎన్నో కుటుంబాలకు అదే జీవనాధారం. కర్మాగారం నలుదిక్కుల మనుషులను ఒకచోట చేర్చుతుంది. అలా చేరినవారి విరామ సమయంలో స్నేహం పుడుతుంది, ఆట పుడుతుంది. ప్రపంచ మహిళా ఫుట్‌బాల్ చరిత్రలో చిరస్మరణీయమైన ఒక జట్టు ఇట్లే కర్మాగారంలో జన్మించింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని పురుషులు యుద్ధభూమికి తరలిపోగా, కర్మాగారాల భారం స్త్రీలపై పడింది. ప్రెస్టన్ పట్టణంలోని డిక్ కెర్ సంస్థ మందుగుండు సామగ్రిని తయారుచేసేది. అక్కడ పనిచేసే యువతులు భోజన విరామంలో ఆవరణలోనే బంతి ఆడేవారు. ఆ వినోదమే 1917లో 'డిక్ కెర్ లేడీస్' జట్టుగా రూపుదిద్దుకొన్నది. ఆ సంవత్సరం క్రిస్మస్ నాడు డీప్‌డేల్ మైదానంలో, గాయపడిన సైనికుల సహాయార్థం వారు ఆడిన ఆటను పదివేల మంది తిలకించారు. డీప్‌డేల్ ప్రెస్టన్ నార్త్ ఎండ్ అనే పురుషుల క్లబ్బుకు సొంత మైదానం. స్త్రీలు అక్కడ అతిథులు మాత్రమే. ఈ విషయం తరువాతి కథకు కీలకం.

ఆ క్రీడాకారిణులు పగలు కర్మాగారంలో పనిచేసి, సాయంత్రం సాధన చేసేవారు. ఆటకు పది షిల్లింగులు ఖర్చుల నిమిత్తం లభించేవి. జీవనోపాధి వేరొకచోట ఉండి, ఆట వలన కొంత మాత్రమే ప్రతిఫలం పొందే ఇటువంటి పద్ధతినే అర్ధవృత్తి క్రీడ అంటారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వారి ఆటను చూడడానికి 53 వేల మంది వచ్చారు. చోటు చాలక వేలాదిమంది వెనుదిరిగారు. ఆనాడు దానధర్మాలకై మూడువేల పౌండ్లకు పైగా సమకూరింది.

ఆదరణ పెరిగిన కొలదీ అసహనం కూడా పెరిగింది. 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి, తన అనుబంధ క్లబ్బుల మైదానాలను వారికి ఇవ్వరాదని ఆదేశించింది. సేకరించిన ధనంలో ఖర్చుల వాటా అధికమని కూడా ఆరోపించింది. గమనించవలసిన అంశమేమంటే, ఆ ఆదేశం స్త్రీలను నేరుగా ఆడవద్దనలేదు. ఆడే చోటును తొలగించింది. పెద్ద మైదానం లేనిదే ప్రేక్షకులు లేరు. ప్రేక్షకులు లేనిదే రాబడి లేదు. రాబడి లేనిదే జట్లు నిలువలేవు. అనేక జట్లు అంతరించాయి. డిక్ కెర్ యువతులు మాత్రం తలవంచలేదు. 1922లో అమెరికా వెళ్లి పురుషుల జట్లతోనే తలపడ్డారు. స్వదేశంలో తమకు లభించిన చిన్న మైదానాలలో ఆడారు. 1926లో 'ప్రెస్టన్ లేడీస్'గా పేరు మారిన ఆ జట్టు 1965 వరకు మనుగడ సాగించింది. సుమారు అర్ధశతాబ్దం తరువాత గాని నిషేధం తొలగలేదు. 2008లో ఆ సంఘం క్షమాపణ చెప్పింది. ఆ జట్టులోని మేటి క్రీడాకారిణి లిలీ పార్ విగ్రహాన్ని 2019లో మాంచెస్టర్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియంలో ప్రతిష్ఠించారు.

మన దేశంలో 1975లో మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1980లో కోళికోడ్‌లో జరిగిన ఆసియా పోటీలలో మన మహిళలు ద్వితీయ స్థానం సాధించారు. 1983లో శాంతి మల్లిక్ అర్జున పురస్కారం అందుకొన్నారు. అయినప్పటికీ జాతీయ స్థాయి క్లబ్బుల లీగ్ 2016–17లో గాని ఆరంభం కాలేదు. తొలి సంవత్సరాలలో తుది దశ పోటీలన్నీ ఒకే నగరంలో నిర్వహించేవారు. అందువలన జట్టుకు పేరున్నా సొంత ఊరి ప్రేక్షకుల ఎదుట ఆడే అవకాశం ఉండేది కాదు. 2023–24లో మొదటిసారిగా ప్రతి క్లబ్బు తన మైదానంలోనూ ప్రత్యర్థి మైదానంలోనూ ఆడింది.

ఈ మార్పులను ప్రత్యక్షంగా చూసిన తరానికి చెందినవారు నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య. ఆమె ముంబయికి చెందిన కెంక్రే, కేరళకు చెందిన గోకులం జట్లలో ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరారు. తరువాత ఈస్ట్ బెంగాల్ పక్షాన ఆడి, 2024–25లో ఆ క్లబ్బు జాతీయ లీగ్ విజేత కావడంలో ప్రముఖ పాత్ర వహించారు. ఆ సంవత్సరానికి దేశంలోని ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపికయ్యారు.

ఒక బాలిక ఇంత దూరం పయనించడానికి తొలి మెట్టు ఆమె ఊరి ఆటస్థలం. ఆ స్థలం సాయంవేళ ఎవరికి దక్కుతున్నదో చూస్తే ఆ ఊరు తన ఆడపిల్లలకు ఇచ్చిన స్థానం తెలుస్తుంది. ప్రెస్టన్ యువతుల చరిత్ర మనకు నేర్పే పాఠం ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

చిరస్మరణీయం = ఎల్లకాలం గుర్తుంచుకోదగినది
తిలకించు = చూచు
అంతరించు = నశించు
మనుగడ = జీవనం

వ్యాకరణాంశాలు

కర్మాగారం = కర్మ + ఆగారం – సవర్ణదీర్ఘ సంధి
దానధర్మాలు = దానమును, ధర్మమును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

1. అర్ధవృత్తి క్రీడ అనగానేమి?
2. 1921 నాటి ఆదేశం మహిళా జట్లను ఎట్లు దెబ్బతీసినది? వివరించండి.
3. మీ ఊరి ఆటస్థలంలో బాలికలకు గల అవకాశాలను గూర్చి ఒక వ్యాసం రాయండి.