మలుపులో పైకి లేచే కారు - ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కమాన్ కట్ట కథ
(ద్వితీయ బి.ఎస్సీ., గణిత-భౌతిక-రసాయన శాస్త్రాల విద్యార్థి)

మలుపు తిరిగేటప్పుడు బండి బయటి పక్కకి ఒరుగుతుందని అందరికీ తెలుసు. కిక్కిరిసిన బస్సులో నిలబడి కాలేజీకి వచ్చే మనకి ఇంకా బాగా తెలుసు. కాని మలుపులో వెనుక భాగం ఒరగడంతో పాటు పైకి కూడా లేచే కార్లు కొన్ని ఉన్నాయని, అవి లేచిన కొద్దీ వెనుక చక్రం పొట్ట కిందికి ముడుచుకుంటుందని, అప్పుడు కారు గిర్రున తిరిగిపోవడమో, ఒక్కోసారి బోల్తా కొట్టడమో జరుగుతుందని చెబితే హాస్టల్లో మిత్రులు నమ్మలేదు. మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న బలభ్రామకం ఒక్కటి గుర్తుంటే చాలు, ఇది నమ్మక తప్పదు.

ఉదాహరణకి తీసుకున్న కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇంగ్లండులో కోవెంట్రీ నగరంలోని కాన్లీ కర్మాగారంలో తయారైంది. ఇద్దరే కూర్చునే చిన్న కారు, టాపు వెనక్కి మడిచేయవచ్చు. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి దీని రూపం గీశాడు. 1962లో లండన్ మోటారు ప్రదర్శనలో మొదటిసారి జనానికి చూపించారు. మొదటి రకానికి 1147 సి.సి. ఇంజను, బరువు సుమారు 710 కిలోలు. 1980 ఆగస్టులో తయారీ ఆపేసే నాటికి మూడు లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. అంటే అది రాజాలకో, సినిమా తారలకో పరిమితమైన వస్తువు కాదు. జీతం మీద బతికే కుర్రవాళ్ళు కొనుక్కున్న కారు. అందుకే దాని వెనుక చక్రాల సంగతి అంత ముఖ్యం.

ఈ కారుతో మనకి దూరపు చుట్టరికం కూడా ఉంది. 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారు చట్రాన్ని కురచ చేసి, మార్చి, స్పిట్‌ఫైర్‌ను తయారుచేశారు. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీవారు స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసి దక్షిణాది రోడ్ల మీదికి వదిలారు. మన పూర్వ విద్యార్థుల్లో పెద్దవారు కొందరు అందులో ఎక్కే ఉంటారు. రెండింటికీ వెనుక ఇరుసు ఏర్పాటు ఒకటే.

ఇక ఆ ఏర్పాటు చూద్దాం. ఎడ్లబండికి ఇరుసు ఒకటే కడ్డీ. ఒక చక్రం గుంటలో దిగితే రెండోది కూడా దానితో పాటే ఒరుగుతుంది, బండిలో కూర్చున్నవాడి నడుము కదులుతుంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్లలో ఇరుసును మధ్యకి రెండు ముక్కలు చేశారు. మధ్యనున్న డిఫరెన్షియల్ పెట్టెను చట్రానికి బిగించి, దానికి ఇటొకటి అటొకటి సగం ఇరుసులు తగిలించారు. లోపలి కొసన కీలు ఉంటుంది. బయటి కొసన మాత్రం చక్రం ఇరుసుకి లంబంగా గట్టిగా బిగిసి ఉంటుంది. పెట్టె మీద అడ్డంగా ఒకే ఒక కమాన్ కట్ట, దాని రెండు కొసలూ రెండు చక్రాల దగ్గరికి. ఇంతే యంత్రాంగం. చౌక, తేలిక. ఒక చక్రం గుంటలో పడినా రెండోదానికి పట్టదు.

పక్షి రెక్కలు తలచుకోండి. పక్షి ఒళ్ళు పైకి లేస్తే రెక్కల కొసలు కిందికి వాలతాయి. ఇక్కడా అంతే. కారు వెనుక భాగం పైకి లేస్తే సగం ఇరుసులు వాలతాయి, చక్రాల అడుగుభాగాలు లోపలికి వస్తాయి. లెక్క వేద్దాం. సులువు కోసం సగం ఇరుసు పొడవు అర మీటరు అనుకుందాం. కారు 5 సెంటీమీటర్లు లేస్తే కోణం 0.05/0.5, అంటే 0.1 రేడియన్, దాదాపు 6 డిగ్రీలు. టైరు మొత్తం వెడల్పు మీద నిలబడవలసింది ఒక అంచు మీద నిలబడుతుంది.

అయితే లేవడం ఎందుకు? అసలు మర్మం ఇక్కడే ఉంది. కారు మలుపు తిరగాలంటే రోడ్డు టైర్లను మలుపు కేంద్రం వైపు నెట్టాలి. అదే అభికేంద్ర బలం. అది టైరు అడుగున నేల మట్టంలో పనిచేస్తుంది. కీలు మాత్రం నేలకి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. బయటి చక్రం మీద ఈ బలం 2000 న్యూటన్లు అనుకుందాం. కీలు చుట్టూ బలభ్రామకం 2000 × 0.3 = 600 న్యూటన్-మీటర్లు. ఇది చక్రం అడుగును లోపలికి నెట్టి, ఇరుసును వాల్చి, కారును పైకెత్తే దిశలో ఉంది. ఇరుసు పొడవు 0.5తో భాగిస్తే 1200 న్యూటన్లు. లోపలి చక్రం దగ్గర ఇదే బలం కారును కిందికి లాగుతుంది గాని, మలుపులో బరువంతా బయటి చక్రం మీదికి పోతుంది కనుక దాని మీద బలం తక్కువ, 800 న్యూటన్లు అనుకుంటే కిందికి లాగేది 480. మిగిలినది 720 న్యూటన్లు, అనగా 73 కిలోల మనిషిని ఎత్తేంత బలం కారు వెనుక భాగాన్ని పైకెత్తుతోంది! ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు. ఏ కారుకి ఆ కారు కొలతలు వేసుకుంటే అంకె మారుతుంది గాని దిశ మారదు.

ఇప్పుడు తోలేవాడు భయపడ్డాడనుకోండి. భయపడినవాడు చేసే మొదటి పని యాక్సిలరేటర్ మీద కాలు తీసేయడం. బరువు ముందుకి పోతుంది, వెనుక భాగం ఇంకా లేస్తుంది, చక్రం ఇంకా ముడుచుకుంటుంది, పట్టు తగ్గుతుంది. భయమే ప్రమాదాన్ని పెంచే ఏర్పాటు ఇది. ఇలాంటి ఇరుసున్న అమెరికా కారు షెవర్లే కోర్వేర్ మీద రాల్ఫ్ నాడర్ 1965లో తన పుస్తకంలో పెద్ద దుమారం లేపాడు. 1972లో అక్కడి ప్రభుత్వ సంస్థ పరిశీలన చేసి, ఆ కాలపు ఇతర కార్లకంటే అది ప్రత్యేకంగా చెడ్డదేమీ కాదని తేల్చింది. ఎవరి వాదన ఎలా ఉన్నా, కంపెనీలు ఆ ఇరుసును తరవాత మార్చుకున్న మాట నిజం.

స్పిట్‌ఫైర్‌ను ఎలా బాగుచేశారు? మామూలు బుద్ధికి తోచేది స్ప్రింగును గట్టి చేయడమే. కారు ఒరుగుతోందా, గట్టి కమాన్ వేయి! చాలామంది సొంతదారులు అదే చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. కొత్త గట్టి కట్ట కారు వెనుక భాగాన్ని ముందే ఎత్తి నిలబెట్టే వీలుంది, అంటే మలుపు రాకముందే చక్రాలు ముడుచుకునే వైపు ఉంటాయి. రెండోది, మలుపులో ఒరగడాన్ని వెనుక స్ప్రింగు ఎంత గట్టిగా అడ్డుకుంటే అంత ఎక్కువ బరువు వెనుక బయటి చక్రం మీద పడుతుంది. ఆ చక్రమే కదా మన రోగి.

కంపెనీ ఇంజనీర్లు 1970లో మార్క్ 4 రకానికి చేసిన పని తమాషాగా ఉంటుంది. పాత కట్టలో పట్టీలన్నీ కలిపి పెట్టెకి బిగించేవారు. కొత్తదానిలో ఒక పట్టీ తగ్గించి, అడుగు పట్టీ ఒక్కదాన్నే బిగించి, మిగతావాటిని మధ్యలో తక్కెడ దండెలాగా ఊగేటట్లు వదిలేశారు. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తే, అంటే గతుకు మీద, పట్టీలన్నీ వంగి బరువు మోస్తాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే, అంటే కారు ఒరిగితే, ఆ పట్టీలు ఊరికే ఊగుతాయి, అడ్డుకోవు. ఒరగడాన్ని అడ్డుకునే పని ముందు చక్రాల మధ్యనున్న కడ్డీకి అప్పగించి, దాన్ని లావు చేశారు. దానితో వెనుక బయటి చక్రం మీది భారంలో కొంత ముందుకి పోయింది. వెనుక మెత్తబడితేనే కారు నిలబడింది! 1973లో వెనుక సగం ఇరుసుల పొడవు కూడా పెంచారు. ఎందుకో పై లెక్కలో 0.5 బదులు కాస్త పెద్ద అంకె వేసి చూడండి.

దీనికంటే మంచి వైద్యం ఉంది. అదే కుటుంబంలోని జిటి6 అనే టాపున్న కారుకి 1968లో కింద మరొక చెయ్యి, ఇరుసులో రబ్బరు కీలు పెట్టారు. దానితో చక్రం దాదాపు నిటారుగానే ఉంటుంది. ఖర్చెక్కువ. 1973లో ఆ కారుకి కూడా ఊగే కట్టే వేశారు. మద్రాసు వారు ఇంకో దారి తొక్కారు. 1972లో హెరాల్డ్ స్థానంలో తెచ్చిన స్టాండర్డ్ గజెల్ కారుకి ఈ రెక్కల ఇరుసే తీసేసి, ఎడ్లబండిలాగా ఒకే కడ్డీ ఇరుసు వేశారు. ఇక్కడి కొనుగోలుదార్లకు విడి ఇరుసు నచ్చలేదు. మన గతుకుల మీద నడుముకి హాయి తగ్గిందేమో గాని చక్రం ముడుచుకునే బాధ పోయింది. నా మట్టుకు అది వెనకడుగు అనిపించదు.

ఇక పాత స్పిట్‌ఫైర్ చేతిలో ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టాలి? స్ప్రింగు దగ్గర మాత్రం వద్దు. టాపు లేని కారు మూత లేని అట్టపెట్టెలాంటిది, మెలిపెడితే మెలికపడుతుంది. స్పిట్‌ఫైర్‌కి మధ్యలో వెన్నెముకలాంటి చట్రం ఉన్నా, తలుపుల కిందుగా పోయే రేకు దూలాలు కూడా బలంలో భాగం. అవి తుప్పు పడితే కారు నడుము వంగి తలుపుల సందులు తేడా వస్తాయి. ఆ స్థితిలో ఎంత ఖరీదైన స్ప్రింగు వేసినా, ఒరిగేది స్ప్రింగో రేకో తెలియదు. వెల్డింగు చేసేముందు తలుపు ఖాళీల్లో అడ్డకడ్డీలు బిగించకపోతే వంగిన నడుము వంగినట్లే అతుక్కుంటుంది.

తరవాత రబ్బరు బుష్‌లు, షాక్ అబ్సార్బర్లు. కారు మూలను అదిమి వదిలితే ఒకసారి లేచి ఆగాలి, ఊగుతూ ఉంటే లోపల నూనె పోయిందన్నమాట. అవరుద్ధ డోలనాల ప్రయోగం ల్యాబులో అక్కర్లేదు, షెడ్డులో చేయవచ్చు. స్ప్రింగు మెత్తదనానికీ ఒక లెక్కుంది. కారు బరువుకి స్ప్రింగు 10 సెంటీమీటర్లు అణిగితే పౌనఃపున్యం సెకనుకి 1.6 దాకా వస్తుంది, 20 సెంటీమీటర్లయితే 1.1. ఒకటి, ఒకటిన్నర మధ్య ఒంటికి హాయి, దాటితే కుదుపు. గట్టి స్ప్రింగు వేసినవాడు హాయిని అమ్ముకుని, పైగా ఈ కారులో నిలకడను కూడా అమ్ముకుంటాడు.

టైర్లలో గాలి చాలామంది పట్టించుకోరు. మా నాన్న దుక్కికి పోయేటప్పుడు ట్రాక్టరు టైర్లలో గాలి తగ్గిస్తాడు, రోడ్డెక్కితే పెంచుతాడు. పైసా ఖర్చు లేని మార్పు. స్పిట్‌ఫైర్ 1500 రకానికి కంపెనీ చెప్పింది ముందు 21, వెనుక 26 పౌండ్లు. నాలుగింటికీ సమానంగా కొట్టించేస్తే ముందు టైర్లు బాగా పట్టి, వెనుకవి ముందుగా జారతాయి. ఆ అయిదు పౌండ్ల తేడాలో ఇంజనీర్ల జాగ్రత్త ఉంది.

ఇవన్నీ అయ్యాక, మార్క్ 4కి ముందరి కారైతే, ఊగే కమాన్ కట్ట, దానితో జతగా లావు ముందు కడ్డీ వేసుకోవచ్చు. ఒకటి వేసి ఒకటి మానితే లాభం లేదు. కట్టకీ పెట్టెకీ మధ్య చిన్న ఇనుప దిమ్మ పెట్టి వెనుక భాగాన్ని కొంచెం దించితే, చక్రాలు ఒకటి రెండు డిగ్రీలు వ్యతిరేక దిశలో వాలి, ముడుచుకోవడానికి ముందు కొంత వ్యవధి దొరుకుతుంది. మరీ దించితే గతుకులో రబ్బరు దిమ్మలకి కొట్టుకుంటుంది.

ముందు చక్రాల దగ్గర ఒక్క సంగతి. నిలువు కడ్డీ అడుగున మరలు తిరిగిన ఇత్తడి దిమ్మ ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే తిరుగుతుంది. అందులో గ్రీజు కొట్టడం మెకానిక్కులకి అలవాటు, కాని గ్రీజు మరల లోపలికి పాకదు. కంపెనీ చెప్పింది 90 నంబరు గేరు నూనె. ఎండిపోయిన మర తుప్పు పట్టి విరిగితే ముందు చక్రం మడతపడి కారు అక్కడికక్కడే కూలబడుతుంది. కనుక స్ప్రింగుల జోలికి పోకముందే, నూనె పంపు తీసుకుని, దిమ్మలో నుంచి కొత్త నూనె బయటికి కారేదాకా కొట్టాలి.