తనంతట తాను చదవడం

ఇంట్లో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడే అరకు పిల్లలు బడిలో తెలుగు వాచకం గడగడా చదువుతారు. "కథలో ఏం జరిగింది?" అంటే నోరు విప్పరు. మనలో చాలామందిమి అలాగే చదివాం. అది అక్షరాలు పలకడమే.

అందుకే 2003-04 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేశారు, తెలుగు లిపిలోనే. సొంత మాటలతో నేర్చిన అక్షరం తర్వాత తెలుగుకూ పనికొస్తుంది.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు తమ్ముడికో చెల్లికో నాలుగు బొమ్మల పుస్తకాలు ఇవ్వండి. (బీరువాలో తాళం వేస్తే చిరగవు, నిజమే!) నచ్చింది వాళ్ళే తీసుకోవాలి. రోజూ 15 నిమిషాలు చాలు. తడబడితే వెంటనే దిద్దకండి, బొమ్మ చూసి ఊహించనివ్వండి. చివర్లో కథను ఇంటి భాషలో చెప్పమనండి.