నీటి అడుగున నలభై అయిదు నిమిషాలు

కొల్లేటి లంక గ్రామాల పిల్లలకు నీళ్లంటే భయం ఉండదు. దోనె మీది నుంచి దూకి, ఊపిరి బిగబట్టి, అడుగునున్న మట్టి గుప్పిట నిండా తెచ్చి చూపిస్తారు. సరస్సు చాలా చోట్ల మనిషి లోతుకు మించదు. ఈ పిల్లలే సెలవులకు అండమాన్ దీవులకు వెళ్లారనుకోండి. అక్కడి స్వరాజ్ ద్వీపం వద్ద పగడపు దిబ్బలు చూడడానికి వీపున గాలి సిలిండరు కట్టుకొని 10 మీటర్లు దిగుతారు. దీనినే స్కూబా ఈత అంటారు. (2018 వరకు ఆ దీవి పేరు హేవ్‌లాక్.) పది మీటర్లే కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. దిగే ముందు కాగితం మీద లెక్క వేయవలసిందే.

మొదట ఒక ప్రశ్న. సిలిండరు ఎందుకు? పొడవాటి రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకొని, రెండో కొన నీటిపైన ఉంచితే చాలదా? దుర్యోధనుడు మడుగులో దాగలేదా అని కూడా మీరు అడగవచ్చు. ఆయనకు జలస్తంభన విద్య తెలుసు. మనకు తెలిసినది పీడనం. ఒక మీటరు లోతులో నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల బరువుతో నొక్కుతుంది. రొమ్ము వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 60 కిలోలు! గొట్టంలోని గాలి మాత్రం పైనున్న మామూలు గాలే. అరవై కిలోల మనిషిని రొమ్ము మీద కూర్చోబెట్టుకొని ఊపిరి పీల్చి చూడండి, గొట్టం ఎందుకు పనికిరాదో తెలుస్తుంది.

ఈ చిక్కును 1943లో ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్టో, ఎమిల్ గన్యాన్ అనే ఇద్దరు విడదీశారు. వారు చేసిన కవాటం, చుట్టూ ఉన్న నీటి పీడనం ఎంత ఉంటే అంత పీడనంతోనే గాలిని నోటికి అందిస్తుంది. ఇప్పుడు రొమ్ముకు బయట ఎంత ఒత్తిడో లోపలా అంతే. శ్వాస తేలిక.

అయితే దీనికి ఖరీదు ఉన్నది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. కొల్లేటి మంచినీటికి సాంద్రత కొంచెం తక్కువ కాబట్టి 10.3 మీటర్లు కావాలి. పైన మన మీద ఇప్పటికే ఒక వాతావరణ పీడనం ఉంది, కనుక 10 మీటర్ల లోతులో మొత్తం రెండు. అంటే అక్కడ పీల్చే ప్రతి గుక్కలోను రెట్టింపు గాలి ఉంటుంది.

ఇక లెక్క. సిలిండరు 12 లీటర్లది. అందులో 200 వాతావరణ పీడనాల గాలి నింపారు. 50 అత్యవసరానికి అట్టే పెట్టాలి. మిగిలిన 150ని 12తో గుణిస్తే 1800 లీటర్లు. తాపీగా ఈదే మనిషికి నీటిపైన నిమిషానికి 20 లీటర్లు చాలనుకుందాం. పది మీటర్ల వద్ద 40 కావాలి. 1800ని 40తో భాగించండి: 45 నిమిషాలు. 20 మీటర్లయితే 30 నిమిషాలే. పైకి రావడానికి పట్టే సమయం కూడా ఇందులోనిదే. కంగారుపడే మనిషికి గాలి ఇంకా త్వరగా అయిపోతుంది. ఇద్దరు కలిసి దిగితే ఎవరి గాలి ముందు తరుగుతుందో వారిని బట్టే తిరిగి రావాలి.

అసలు ప్రమాదం పైకి వచ్చేటప్పుడు. పీడనం సగమైతే వాయువు ఘనపరిమాణం రెట్టింపవుతుందని బాయిల్ నియమం. పది మీటర్ల లోతులో 4 లీటర్ల గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి 8 లీటర్లు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులలో అంత చోటు లేదు. అవి చిట్లుతాయి. గుండెల నిండా గాలి పీల్చుకొని ఉంటే మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఈ ప్రమాదం తప్పదు. అంటే కొల్లేటి లోతే చాలు! మరి దోనె మీది నుంచి దూకే పిల్లలకు ఏమీ కాదేం? వారు పైన పీల్చిన గాలినే కిందికి తీసుకుపోతారు. అది అడుగున కుంచించుకుని, పైకి వచ్చేసరికి తిరిగి మొదటి పరిమాణానికే వస్తుంది. సిలిండరు గాలి పీల్చినవాడు మాత్రం ఏ క్షణంలోనూ ఊపిరి బిగబట్టకూడదు.

లోతు తక్కువైన చోటే ఈ మార్పు ఎక్కువ. పది నుంచి పైకి వస్తే గాలి రెండింతలవుతుంది. ఇరవై నుంచి పదికి వస్తే ఒకటిన్నర రెట్లే. చెవులు కూడా మొదటి రెండు మూడు మీటర్లలోనే నొప్పెడతాయి. జలుబు ఉన్ననాడు దిగవద్దు.

మరొకటి నత్రజని. పీడనం ఎక్కువైనకొద్దీ అది రక్తంలో, కండలలో ఎక్కువగా కరుగుతుంది. గోళీ సోడాలో గోళీని నొక్కగానే బుడగలు బుసబుసమంటూ పొంగడం చూశారుగా! మనిషి హఠాత్తుగా పైకి వస్తే ఒంట్లో అటువంటి బుడగలే పుట్టవచ్చు. హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత నెమ్మదిగా పైకి రావాలో 1908లో పట్టికలు ప్రకటించాడు. నేటి పద్ధతి ప్రకారం నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రావాలి. 5 మీటర్ల వద్ద 3 నిమిషాలు ఆగడం మంచిది.

ఒడ్డుకు చేరాక కూడా కొంత నత్రజని ఒంట్లో మిగిలే ఉంటుంది. విమానంలో గాలి పీడనం నేల మీదికంటే దాదాపు పాతిక శాతం తక్కువ. సోడా మూత ఇంకొంచెం తీసినట్లే. అందుచేత ఒకసారి దిగితే 12 గంటలు, ఒకటికంటే ఎక్కువసార్లు దిగితే 18 గంటలు గడిచేవరకు విమానం ఎక్కరాదు. ఓడలో తిరిగి వచ్చేవారికి ఈ పేచీ లేదు. సముద్రమట్టాన్ని వదలి వారు ఎక్కడికీ ఎక్కరు కదా.

ఇప్పుడు మీరు చెప్పండి. తాడేపల్లిగూడెం నుంచి వెళ్లిన ఒక కుటుంబం శనివారం ఉదయం 9 గంటలకు, మళ్లీ మధ్యాహ్నం దిగింది. రెండోసారి నీటి నుంచి 3 గంటలకు బయటపడ్డారు. ఆదివారం ఉదయం 7 గంటలకు విమానం. ఎక్కవచ్చునా? ఎక్కరాదంటే, వారు శనివారం ఏ గంటకల్లా నీటి నుంచి బయటకు వచ్చి ఉండవలసింది?