సాగర్‌ని గోడ వెనక నుంచి చూడు

చి. అమ్మలుకి,

నీ సెమినార్ పేపరు అందింది, నిదానంగా చదివాను. నాగార్జునసాగర్ పొడవు, ఎత్తు, గేట్ల సంఖ్య, కాలువల పేర్లు, ఏదీ తప్పు లేదు. కానీ అదంతా వ్యూ పాయింటు దగ్గర బోర్డు మీద ఉన్నదే. ‘పెద్ద నది మీద పెద్ద డ్యాం ఎలా కడతారు’ అని పేరు పెట్టి, అది ఎంత పెద్దదో మాత్రం రాసి ఊరుకున్నావు. మీ సారు మార్కులు వేస్తారేమో, నేను వెయ్యను. ఇరిగేషన్లో జీవితం గడిపిన ముసలాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఇంటర్నెట్‌ని అడుగుతావా? ఫోన్లో తేలే సంగతులు కావు కనుక ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

నువ్వు గోడతో మొదలుపెట్టావు. దాని వెనక ఉన్న లోయతో మొదలుపెట్టాలి. కృష్ణ నల్లమల కొండల మధ్య ఇరుకిరుగ్గా పారుతూ వచ్చి నందికొండ దగ్గర రెండు కొండల నడుమ నుంచి బయటపడుతుంది. ఆ సందు వెనక లోయ విశాలంగా ఉంది, సందులో నది అడుగున గట్టి రాయి ఉంది. తక్కువ గోడతో ఎక్కువ నీళ్లు ఆగే చోటు అలా దొరుకుతుంది. అయితే చోటు దొరికినంత మాత్రాన డ్యాం లేవదు. ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం కృష్ణ నీళ్లను పెన్నకు మళ్లించి దక్షిణానికి తీసుకుపోయే కృష్ణా-పెన్నార్ పథకం తయారుచేసుకుంది. దాన్ని కాదని నందికొండ కోసం పట్టుబట్టి తిరిగినవారు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు. ఏ పథకం మేలో తేల్చడానికి వేసిన ఖోస్లా కమిటీ వచ్చి చూడ్డానికి దారే లేదన్న సాకు పుడితే, చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని కూడగట్టి దారి వేయించారని మా మాచర్ల వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1952లో ఆ కమిటీ నందికొండకే ఓటు వేసింది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టలేదు. ఎడమ గట్టు హైదరాబాద్ రాష్ట్రం, కుడి గట్టు ఆంధ్ర రాష్ట్రం. రెండు ప్రభుత్వాలు కలిసి తలకెత్తుకున్న పని అది. ఇప్పుడు మళ్లీ రెండు గట్లూ రెండు రాష్ట్రాలే. 2023 నవంబరు చివర్లో 26 గేట్లను సగం సగం చేసి మధ్యలో కంచె వేసిన తమాషా నువ్వూ టీవీలో చూసే ఉంటావు. ఆ గొడవలోకి నేను పోను. నీ పేపర్లో మాత్రం ఒక్క పేరాలోనైనా రాయి, ఎందుకంటే ఏ డ్యాం కట్టినా నీళ్లు ఎవరివన్న ప్రశ్న పునాది తవ్వకముందే ఉంటుంది, గేట్లు బిగించాక కూడా ఉంటుంది.

ఇక గోడ. సాగర్ గోడ నీళ్లను ఆపేది కేవలం తన బరువుతో. నీళ్లలో మీటరు లోతుకు చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. వంద మీటర్ల అడుగున వంద టన్నులు. వెనక నీళ్లు ఎంత దూరం పరుచుకున్నాయన్నది ఈ లెక్కలోకి రాదు. గోడ వెనక పది గజాల నీరున్నా, శ్రీశైలం దాకా ఉన్నా, లోతు ఒకటే అయితే తోపు ఒకటే. క్లాసులో దీన్ని చెబితే సగంమంది నమ్మరు, నువ్వు లెక్క వేసి చూపించు. అడుగున తోపు ఎక్కువ కనుక గోడ పైన సన్నంగా ఉండి, కిందికి పోయేకొద్దీ లావెక్కుతుంది. ఈ రకం డ్యాముల్లో అడుగు వెడల్పు మామూలుగా ఎత్తులో ముప్పాతిక వంతు దాకా ఉంటుంది. సాగర్‌ది పునాది నుంచి 124 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇక అడుగున ఎంత రాయి పేర్చారో నువ్వే ఊహించుకో.

నువ్వు అసలు ముట్టుకోని సంగతి మరొకటుంది. వెనక నుంచి తోసే నీళ్లకన్నా, కింద నుంచి ఎత్తే నీళ్లు ఎక్కువ మోసం చేస్తాయి. రాయి ఎంత గట్టిదైనా పగుళ్లు లేకుండా ఉండదు. వాటి గుండా నీళ్లు గోడ అడుగుకు చేరి పైకి తంతాయి. బావిలో మునిగి ఉన్నంతసేపూ బిందె తేలిగ్గా వస్తుంది చూడు, గోడ బరువు కూడా అలాగే తగ్గిపోతుంది. బరువునే నమ్ముకున్న గోడకు అంతకన్నా ఆపద ఏముంటుంది? 1895లో ఫ్రాన్స్‌లో బూజే అనే చోట రాతి డ్యాం విరిగిపడి 80 మందికి పైగా పోయాక గానీ ఇంజనీర్లు ఈ ఎత్తుడును లెక్కలోకి సరిగ్గా తీసుకోలేదు. అప్పటి నుంచి పునాది రాయిలో బోర్లు వేసి సిమెంటు పాలు ఒత్తిడితో పంపి పగుళ్లు మూయడం, అంటే గ్రౌటింగ్, తప్పనిసరి అయింది. అది దాటి వచ్చిన ఊటను బయటికి వదలడానికి గ్రౌటు చేసిన చోటికి దిగువన వరసగా డ్రెయిన్ రంధ్రాలు వేస్తారు. ఆ రంధ్రాలన్నీ వచ్చి తెరుచుకునేది గోడ లోపలి గ్యాలరీలో.

గ్యాలరీలోకి దిగితే బయట ఎండలు మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది. గోడల మీద తెల్లటి చారలు కడతాయి. సిమెంటులోని సున్నాన్ని నీళ్లు కొంచెం కొంచెంగా కరిగించి తెచ్చి అక్కడ పెట్టిపోతున్నాయన్నమాట. పక్క కాలవలో ఊట నీరు పారుతుంటుంది, దానికి అడ్డంగా ‘వి’ ఆకారపు గాడి ఉన్న రేకు బిగిస్తారు. ఆ గాడిలో నీళ్లు ఎంత ఎత్తున పోతున్నాయో స్కేలుతో చూసి పుస్తకంలో రాసుకోవాలి. నీరు రావడం తప్పు కాదు, రాకపోతేనే రంధ్రాలు పూడుకున్నాయేమోనని భయపడాలి. జలాశయం మట్టం పెరగకుండా ఊట ఒక్కసారిగా పెరిగినా, తేటగా వచ్చే నీరు మడ్డిగా మారినా అదే రోజు పైవాళ్లకు కబురు పోవాలి. 816 మెగావాట్ల పవర్ హౌస్‌ని చూసి నోరెళ్లబెట్టే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఆ చిన్న గాడి దగ్గర ఆగి చూసిన విద్యార్థిని నాకు చూపించు, వాడికి ఇరిగేషన్లో ఉద్యోగం నేనిప్పిస్తాను.

కాంక్రీటు కాకుండా రాయి ఎందుకని నీకు సందేహం రాలేదా? అప్పట్లో దేశంలో సిమెంటుకు కరువు, పెద్ద యంత్రాలు కొనడానికి విదేశీ డబ్బుకు కరువు. రాయికి, పనిచేసే చేతులకు మాత్రం కరువు లేదు. పైగా పెద్ద పెద్ద దిమ్మలుగా పోసిన కాంక్రీటు గట్టిపడేటప్పుడు లోపల వేడి పుడుతుంది, చల్లారేటప్పుడు పగుళ్లిస్తుంది. రాతికట్టడంలో సిమెంటు తక్కువ కనుక ఆ బెడద తక్కువ. సాగర్‌కి రాతికట్టడమే సరని గట్టిగా నిలబడ్డవారిలో డాక్టర్ కె.ఎల్. రావు గారు ముఖ్యులు. ఆయనది మన కంకిపాడు, తర్వాత కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా కూడా చేశారు.

నిర్ణయం కాగితం మీద తేలికే, కట్టినవాళ్లు వేరు. పాలమూరు కూలీలు, వడ్డెర్లు, తాపీమేస్త్రీలు, వాళ్ల వెంట పిల్లాజెల్లా. ఆనాటి ఫొటోలు దొరికితే చూడు. కొండంత ఎత్తు పరంజా, దాని మీద వాలు దారులు, ఆ దారుల్లో చీమలబారుల్లా తలమీద తట్టలతో ఆడవాళ్లు. రాయి పెట్టడానికి ఒక పద్ధతుంది. మట్టి, దుమ్ము లేకుండా కడగాలి, తడపాలి, కింద మాలు నిండుగా పరవాలి, రాయి దించి సుత్తితో కొట్టి కూర్చోబెట్టాలి, సందుల్లో మాలు కూరి రాతి చిప్పలు దిగగొట్టాలి. లోపల ఎక్కడ గుల్ల మిగిలినా కొన్నేళ్లకు నీళ్లు ఆ దారి వెతుక్కుంటాయి. మంచి మేస్త్రీ రాయి మీద సుత్తి తాటించి చప్పుడును బట్టి కింద గుల్ల ఉందో లేదో చెప్పేవాడు. అలా ఒక్కొక్క రాయీ పేర్చిన గోడ 1,450 మీటర్లు. శిలాఫలకాల మీద మంత్రుల పేర్లుంటాయి. ఆ పనిలో ప్రాణాలు పోయిన కూలీలూ ఉన్నారు.

రాతిగోడతో డ్యాం అయిపోలేదు. దానికి ఎడమ పక్క 8,400 అడుగులు, కుడి పక్క 2,800 అడుగులు మట్టికట్టలున్నాయి. మొత్తం పొడవులో రాతి భాగం మూడో వంతు కూడా లేదు. ఫొటోలో పడేది ఆ భాగమే కనుక అందరూ డ్యాం అంటే అదే అనుకుంటారు. రాతిగోడ మీదుగా కాసేపు నీళ్లు పొర్లినా నిలబడొచ్చు. మట్టికట్ట మీదుగా పొర్లాయా, గంటల్లో కోసుకుపోతుంది. 1979 ఆగస్టులో గుజరాత్‌లో మచ్చు-2 డ్యాం మట్టికట్టలు అలాగే తెగి మోర్బీ పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. స్పిల్‌వే వదలగలిగినదానికన్నా ఎక్కువ వరద రావడం వల్ల.

అందుచేత గేట్ల లెక్క శ్రద్ధగా నేర్చుకో. సాగర్ స్పిల్‌వే గట్టు 546 అడుగుల మట్టంలో ఉంది. గేటు ఎత్తు 44 అడుగులు. రెండూ కలిపితే 590, అదే పూర్తి నీటిమట్టం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిననాటికి ఆ గేట్లు లేవు, 1974 నాటికి గానీ పూర్తి కాలేదు. ఆ 44 అడుగుల్లోనే ఇప్పటి లెక్కలో వంద టీఎంసీలకు పైగా నీళ్లున్నాయి. ఇంతకీ గేట్లు ఎత్తడం కన్నా ఎప్పుడు ఎత్తాలో తేల్చుకోవడం కష్టం. ముందే ఖాళీ చేస్తే వాన రాకపోవచ్చు, రైతు తిడతాడు. ఆలస్యం చేస్తే వరద మీద పడుతుంది. 2009 అక్టోబరు మొదట్లో, వానాకాలం అయిపోయిందనుకున్నాక, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. ఆ డ్యాం డిజైన్ చేసిన వరదను మించిపోయింది, వెనక కర్నూలు మునిగింది. కింద ప్రకాశం బ్యారేజీ దాకా వచ్చేసరికి 11 లక్షల చిల్లర. నడుమ సాగర్ కొంత తన కడుపులో పెట్టుకోబట్టి సరిపోయింది.

నీ పేపర్లో నీటి నిల్వ 408 టీఎంసీలని ఒకచోట, 312 అని ఇంకోచోట ఉంది. నువ్వు కంగారుపడి ఒకటి కొట్టేశావు. రెండూ నిజమే! మొదటిది కట్టినప్పటిది, రెండోది పూడిక పడ్డాక సర్వే చేసి తేల్చింది. దాదాపు వంద టీఎంసీల చోటును ఒండ్రు ఆక్రమించింది. అందులోనూ 510 అడుగుల దిగువన ఉన్న 131 టీఎంసీల పైచిలుకు మామూలుగా కాలువలకు వాడరు. వాడుకునేది నికరంగా 180 చిల్లర. శ్రీశైలానిదీ ఇదే కథ, 308 నుంచి 215కి పడింది. నువ్వు ఏ డ్యాం గురించి రాసినా నిల్వ అంకె పక్కన సర్వే సంవత్సరం వెయ్యి.

మునిగినదాని గురించి నువ్వు రెండే వాక్యాలు రాశావు, రెండూ నాగార్జునకొండ గురించే. ఇక్ష్వాకుల విజయపురి ఆ లోయలోనే ఉండేది. నీళ్లు రాకముందే 1954 నుంచి ఆరేళ్లు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీదకూ అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని, కాదనను. మరి అదే లోయలో దీపం పెట్టుకుని బతుకుతున్న ఊళ్లు? పదిహేడు వందల ఏళ్లనాటి ఇటుకలకు ఉన్నంత లెక్క, లేచిపోయిన కుటుంబాలకు ఉందని నాకనిపించదు. అంతేకాదు, డ్యాం ఎడమ గట్టు నల్లగొండ జిల్లాలో ఉన్నా అదే జిల్లాలో మెరక మీదున్న మునుగోడు, మర్రిగూడ ఊళ్ల జనం దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయి బాధపడ్డారు. కాలువ పల్లానికే పారుతుంది కదా. పట్నంలో నీ హాస్టల్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు మాత్రం ఈ జలాశయం వెనక నుంచి ఎత్తిపోసినవే.

చివరగా ఒక లెక్క ఇస్తున్నాను, చేసి పంపు. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే క్యూసెక్కు, వంద కోట్ల ఘనపుటడుగులైతే టీఎంసీ. కుడి కాలువ, ఎడమ కాలువ రెండూ తలా 11,000 క్యూసెక్కులకు కట్టినవి. రెండూ నిండుగా పారితే రోజుకు ఎన్ని టీఎంసీలు? ఆ 180 ఎన్నాళ్లొస్తాయి? అది తేలాక కుడి కాలువ చిట్టచివర ప్రకాశం జిల్లా రైతు వంతు నీళ్ల కోసం రాత్రిళ్లు తూము దగ్గర ఎందుకు పడుకుంటాడో రాయి.

ఆగస్టులో గేట్లెత్తినప్పుడు రావద్దు, ఫొటోలకొచ్చే జనంలో ఏమీ కనపడదు. ఏప్రిల్ నెలాఖర్లో రా, నీళ్లు దిగి ఒడ్డున పూడిక బయటపడి ఉంటుంది. గ్యాలరీలోకి పోవాలంటే ముందుగా అనుమతి కావాలి, మీ కాలేజీ నుంచి ఒక ఉత్తరం పట్టుకురా. కాలువ మీద లస్కరుగా చేసి రిటైరైన ఆయన మన వీధి చివరే ఉంటాడు, ఆయనతో ఒక పూట కాలువగట్టు మీద తిరుగుదువుగాని. చెప్పులతో వస్తే గ్యాలరీ మెట్ల మీద జారతావు, బూట్లు తెచ్చుకో. టార్చి నా దగ్గరుంది.

ఆశీస్సులతో,
తాతయ్య