లారీ డ్రైవరుకు భద్రతా అనుమతి : అమెరికా పద్ధతి

లారీ నడుపుటకు చేతినేర్పు, చూపు, ఓర్పు ఉంటే చాలునని మనం సామాన్యంగా తలుస్తాము. అమెరికాలో కొన్ని సరకులు మోయవలసిన డ్రైవరుకు ఇవి చాలవు. అతని గతాన్ని కూడా ప్రభుత్వం పరీక్షిస్తుంది. ఉపాధికై విదేశాలకు వెళ్ళినవారు లేని వీధి మన ఊళ్ళలో అరుదు గనుక ఈ పద్ధతి మనకు తెలియదగినది.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. పేలుడు పదార్థాలు, క్లోరిన్, పెట్రోలు వంటి ప్రమాదకర సరకులను హెచ్చరిక పలకలు తగిలించి రవాణా చేయుటకు కావలసిన అనుమతి ఒకటి. సైన్యపు ఆయుధాలను, మందుగుండును మోసే పనులకు కోరే ‘సీక్రెట్’ స్థాయి అనుమతి వేరొకటి. ఈ రెంటినీ ఒకటిగా భావించుట పొరపాటు.

మొదటిదానికి మూలం 2001 సెప్టెంబరు 11 నాటి దాడులు. ఆ అక్టోబరులో వచ్చిన పేట్రియాట్ చట్టం, కేంద్రం పరిశీలించి అపాయం లేదని తేల్చనిదే ఏ రాష్ట్రమూ ప్రమాదకర సరకుల లైసెన్సు ఇవ్వరాదని శాసించింది. 2005 నుండి వేలిముద్రల ఆధారంగా ఈ పరిశీలన జరుగుతున్నది. డ్రైవరు తానే దరఖాస్తు చేసి, రుసుము చెల్లించి, వేలిముద్రలు ఇవ్వాలి. పౌరుడే కానక్కరలేదు, శాశ్వత నివాసి, శరణార్థి కూడా అర్హులే. ఐదేళ్ళకొకసారి పరిశీలన మరల జరగాలి.

గూఢచర్యం, రాజద్రోహం, ఉగ్రవాదం వంటి నేరాలలో శిక్ష పడినవారికి ఇక దారి లేదు. మరికొన్ని నేరాలకు గడువు ఉన్నది: శిక్ష పడి ఏడేళ్ళు, జైలు నుండి విడుదలై ఐదేళ్ళు గడవనివారు అనర్హులు. చిక్కంతా నిర్దోషుల విషయంలోనే వస్తుంది. ఒకనిని ఎప్పుడో అరెస్టు చేశారు, తరువాత కేసు కొట్టివేశారు అనుకొందాము. అరెస్టు సంగతి రికార్డులోకి ఎక్కుతుంది. కొట్టివేసిన సంగతి ఎక్కకుండా పోవచ్చును. అప్పుడు శిక్ష పడలేదని రుజువు చేయవలసిన భారం డ్రైవరుదే. అందుకు అరవై రోజుల గడువు ఇస్తారు. కోర్టు ఉత్తర్వు నకలు ఇంట్లో ఉన్నవానికి ఇది ఒక ఉత్తరం ఖర్చు. లేనివానికి జీవనోపాధి ఖర్చు.

పేరు సంగతి మనవారికి మరీ ముఖ్యం. ఆ దరఖాస్తులో చట్టబద్ధమైన పేరుతోపాటు, ఇంతవరకు వాడిన ఇతర పేర్లన్నీ వ్రాయాలి. మనలో ‘మహమ్మద్’ ఒక పత్రంలో పూర్తిగా, మరొకదానిలో ‘ఎం.డి.’ అని ఉంటుంది. తెలుగువారి ఇంటిపేరు ఒక పొడి అక్షరమై ముందు నిలుస్తుంది. మనకు ఇది అలవాటు. పరాయి దేశపు గుమాస్తాకు ఇద్దరు మనుష్యులు. పదవ తరగతి సర్టిఫికెట్టు నాడే పేరు సరిచూచుకొనుట మేలని మా అభిప్రాయం.

ఇక ‘సీక్రెట్’ అనుమతి. దీనికి డ్రైవరు తనంతట తాను దరఖాస్తు చేయలేడు. అర్హత పొందిన కంపెనీ అతనిని పనిలోకి ఎంచుకొని ప్రతిపాదించాలి. సామాన్యంగా అమెరికా పౌరులే అర్హులు. అభ్యర్థి నుండి రుసుము తీసుకోరు. కనుక డబ్బిస్తే ఈ అనుమతి ఇప్పిస్తామనేవారిని నమ్మరాదు. పదేళ్ళ నివాసాలు, ఉద్యోగాలు ఖాళీ లేకుండా వ్రాయాలి. నెలల తరబడి రోడ్డుమీదనే గడిపి, కంపెనీలు మారే డ్రైవరుకు ఇది ఎంత కష్టమో ఊహించవచ్చును. పాత జీతపు చీటీలు, అద్దె రసీదులే అతనికి జ్ఞాపకశక్తి.

2017లో అమలులోకి వచ్చిన మార్గదర్శకాలు పదమూడు అంశాలను పేర్కొన్నాయి. వాటిలో అప్పు ఒకటి. లారీని వాయిదాలమీద కొని, పని తగ్గి, బాకీపడినవాడు అంతమాత్రాన అనర్హుడు కాడు. ఉపాధి పోవుట, వ్యాపారం దెబ్బతినుట, జబ్బుచేయుట వంటి కారణాలను, అతడు తీర్చుటకు చేస్తున్న ప్రయత్నాన్ని అధికారులు లెక్కలోకి తీసుకొంటారు. ఆ బాకీని కావాలని దాచిపెడితే మాత్రం నిజాయితీకి సంబంధించిన మరొక అంశం క్రింద దోషం ఏర్పడుతుంది. తెలిసి అబద్ధం వ్రాయుట నేరం కూడ. వ్రాసినదానిలో తప్పు దొరలినదని గ్రహించి, విచారణాధికారి నిలదీయకముందే తానుగా సరిదిద్దుకొన్నవానికి ఆ మార్గదర్శకాలలోనే వెసులుబాటు ఉన్నది.