అనుమకొండ మండలేశ్వరుడు

నారాయణపేట వీధులలో తెలుగుతోపాటు కన్నడమును వినవచ్చుట క్రొత్తవారికి వింతగా తోచును. తొమ్మిది వందల యేండ్లకు పూర్వము ఈ సీమ కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండెను. వారి రాజధానియైన కల్యాణపురమే నేటి కర్ణాటకములోని బసవకల్యాణము. అంతటి విశాలరాజ్యమును ఒక్క నగరమునుండి ఏలుట దుర్లభము. కావున చాళుక్యులు సీమకొక మండలేశ్వరుని నిలిపిరి. అతడు పన్నులు రాబట్టవలెను. ఏలికకు కప్పము పంపవలెను. పిలుపు వచ్చినప్పుడు సైన్యముతో కదలవలెను. పాలమూరు సీమలో కందూరు చోడులు, అనుమకొండలో కాకతీయులు ఇట్టి అధికారులే.

ప్రాచీన పారశీక చక్రవర్తుల పద్ధతియు ఇట్టిదే. వారి మండలాధిపతులకు క్షత్రపులని పేరు. క్రీ. పూ. 522లో డేరియస్ సింహాసన మెక్కగానే నలుదెసల తిరుగుబాట్లు చెలరేగెను. అతడు వానిని అణచి, బెహిస్తున్ కొండపై మూడు భాషలలో శాసనము చెక్కించెను. పందొమ్మిది యుద్ధములు చేసి తొమ్మండ్రు రాజులను పట్టితినని చెప్పుకొని, ఎదిరించినవారు అబద్ధము లాడిరని నిందించెను. అది గెలిచిన చక్రవర్తి మాట. తిరుగుబాటు చేసినవాడే గెలిచి వ్రాయించిన మాట వినవలెనన్నచో, అనుమకొండ వేయిస్తంభముల గుడికి పోవలెను.

కాకతీయులు ఒక్కనాటిలో తిరుగబడినవారు కారు. అనుమకొండ పద్మాక్షి గుట్టపై మంత్రి బేతన భార్య మైలమ 1117లో వేయించిన శాసనమున కాలము చాళుక్య విక్రమశకము 42వ సంవత్సరమని యున్నది. సంవత్సరములు లెక్కించుటకును ఏలిక శకమే కావలసి వచ్చిన దినము లవి. తరువాత కల్యాణిలో తైలపుడు రాజయ్యెను. రెండవ ప్రోలరాజు అతనిని యుద్ధమున పట్టుకొనియు, భక్తిచేతను ప్రేమచేతను విడిచిపెట్టెనట! చేతికి చిక్కిన ఏలికను విడుచుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. ఆనాటికి ప్రోలుని మనస్సు ఇంకను మండలేశ్వరుని మనస్సే.

అతని కుమారుడు రుద్రదేవుని కాలమునకు పరిస్థితులు మారెను. చాళుక్యుల కొలువులోని కలచురి బిజ్జలుడే కల్యాణిని ఆక్రమించెను. ఏలికయే నిలువలేనప్పుడు కప్పము ఎవరికి పంపవలెను? రుద్రుడు ఇరుగుపొరుగు మాండలికులను ఒక్కొక్కరిని ఓడించుచు వచ్చెను. 1163 జనవరి 19వ తేదీ నాటి వేయిస్తంభముల గుడి శాసనమున శకవర్షము 1084 అని కలదు, విక్రమశకము లేదు. అందు తైలపుని పేరు రాకపోలేదు. కాని ఏలికగా కాదు. రుద్రుని భయమున అతిసారము పట్టి మరణించినవానిగా వచ్చినది! ఆ శ్లోకములు రచించిన కవి అచింతేంద్రుడు.

పాలమూరు వారికి ఆ శాసనములో మరియొక విశేషము కలదు. కందూరు చోడభీముని కవి తీవ్రముగా దూషించును. రుద్రుడు వర్ధమాననగరిని దహింపగా భీముడు అడవులు పట్టెనని చెప్పును. ఆ నగరము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాన్. రుద్రుడు చోడోదయుని పురమును కాల్చి, అచ్చట పెద్ద చెరువు త్రవ్వించెననియు ఉన్నది. చోడోదయుని కుమార్తె పద్మను అతడు వివాహమాడెను. కాలిన యిండ్లవారు ఆ చెరువునీరు త్రాగుచు ఏమనుకొనిరో కవి వ్రాయలేదు. భీముడును చాళుక్య సామంతుల యింటివాడే. ఈ కథ అతని కవి చెప్పియుండినచో దూషణ మెవరికి దక్కెడిదో!

రుద్రదేవుడు 1195 ప్రాంతము వరకు రాజ్యము చేసెను. వర్ధమానపురమును పిమ్మట మల్యాలవంశపు సేనానులు కాకతీయుల పక్షమున పాలించిరి. అచ్చటి పన్నులు అటుపిమ్మట కల్యాణికి పోక ఓరుగంటికి చేరెను.