చేతిఫోనును చెరువుగట్టును: పిల్లల చదువు

2020 సంవత్సరమున కోవిడ్ వ్యాధివలన బడులు మూతపడగా పాఠములు చేతిఫోనులలోనికి వచ్చెను. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వమువారు తమ బడులలోని 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిరి. బడులు తెరచినను ఫోను పిల్లల చేతినుండి దిగలేదు. ఏలూరు పట్టణమున నేమి, కొల్లేటి లంకలలో నేమి, తల్లిదండ్రుల మొర యొక్కటే.

ఫోనును పొయ్యిలో వేయుడని మేము చెప్పము. అందు చూచినదానిని బయట చూపువారు లేకపోవుటయే లోపమని మా యభిప్రాయము.

ఒక్క సంగతి చూడుడు. మొక్కలు ఎండలో ప్రాణవాయువును విడుచునని పిల్లవాడు తెరమీద నేర్చును. ఆ పాఠమే మన చేపలచెరువులో దినదినమును జరుగుచున్నది. నీటికి పచ్చరంగు నిచ్చు సన్నని నాచు పగలు ప్రాణవాయువును పుట్టించును, రాత్రి తానే పీల్చుకొనును. చేపలు కొంత పీల్చును. అడుగున మిగిలిన మేత కుళ్లుటకు మరికొంత పోవును. కావున తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. ముందటి దినము మబ్బుపట్టియున్న మరియు తక్కువ. అప్పుడు బొచ్చెలును శీలావతులును మూతులు పైకెత్తి గాలికై తపించును. ఏరేటరు వేయుట ఆలస్యమైనచో ఏడాది పెట్టుబడి నీళ్లపాలు. ఈ దృశ్యమును తండ్రిప్రక్క నిలిచి ఒక్క వేకువను చూచిన పిల్లవాడు, ఇట్లేల జరుగుచున్నదని తానే యడుగును. అప్పుడు ఫోను తెరచి వెదకనిండు. ప్రాణవాయువును కొలుచు మీటరున్నవారు, సాయంకాలపు అంకెను వేకువ అంకెను పిల్లలచేతనే పుస్తకమున వ్రాయింపవచ్చును. ఆ సమయమున తండ్రియు తన ఫోనును జేబులో నుంచుకొనుట మంచిది!

తాడేపల్లిగూడెము వైపు వరిరైతులకు దోమపోటు కలదు. మడి గట్టునుండి తీసిన ఫొటోలో దోమ కనబడదు. అది దుబ్బు మొదట నీటికి దగ్గరగా నుండును. పిల్లవాడు వంగి దుబ్బును విడదీసి చూచి, పిమ్మట ఫొటో తీసి రైతుసేవాకేంద్రమున చూపినచో ఫోనును పనికివచ్చినట్లే.

కండ్ల మాటయు కలదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఒకటవ తరగతి పిల్లలను బడిదినములలో 40 నిమిషములు అదనముగా ఆరుబయట నుంచి మూడేండ్లు పరీక్షించిరి. ఫలితము 2015లో వెలువడెను. బయటికి అదనముగా పోని పిల్లలలో నూటికి సుమారు 40 మందికి దూరపుచూపు మందగింపగా, పోయినవారిలో అట్టివారు 30 మంది.

అయితే చెరువుగట్టునకు పిల్లలను ఒంటరిగా పంపకుడు. ఏరేటరు కరెంటుతీగల దాపునకు పోనీయకుడు. బడి మాన్పించి పనిలో పెట్టుడని మా మాటకు అర్థము కాదు. సెలవుదినమున ఒక్క వేకువ చాలును.